కుళాయి పనివానికి తగిన బండి యేది?

వరి నారుమళ్ళను గూర్చియు, పచ్చిరొట్ట యెరువులను గూర్చియు, సుడిదోమను గూర్చియు వ్రాయుట మాకు అలవాటు. ఈ మాసమున మోటారు బండిని గూర్చి వ్రాయవలసి వచ్చినది. ఏలయన, మన సభ్యుల కుమారులలో పలువురు బెజవాడ చేరి, కుళాయి పని, గొట్టముల పని నేర్చుకొని, గవర్నర్‌పేట, సూర్యారావుపేట, లబ్బీపేట మొదలగు పేటలలో ఇల్లిల్లు తిరిగి జీవనము చేయుచున్నారు. జనులు వీరిని ప్లంబర్లని పిలుచుచున్నారు కావున మేమును ఆ మాటనే వాడెదము. భుజమున సంచితో మొదలైన పని మోటారు సైకిలునకును, అద్దె ట్రాలీ ఆటోకును ఎదిగిన పిమ్మట, సొంత బండి కావలెనను కోరిక పుట్టుట సహజము. అప్పుడు కుమారుడు పట్టణమునుండి తండ్రికి ఫోను చేయును. తండ్రి పెట్టెలోని పొలము కాగితములు తీసి సంఘ కార్యాలయమునకు బయలుదేరును. ఆ కాగితములు బల్లపై పెట్టుటకు ముందుగా తండ్రియు కుమారుడును కూర్చుండి ఈ నాలుగు పుటలు చదువవలెనని మా కోరిక.

ఇట్టి సందర్భమున అందరును అడుగు ప్రశ్న యొక్కటే: "ఏ బండి మంచిది?" ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఒంగోలు గిత్తల జత మంచిదే. అయినను ఎకరమున్నర మాగాణి గల రైతు దానిని కొని తెచ్చి కట్టివేసినయెడల, ఆ గిత్తలు దున్నునది తక్కువ, మేయునది యెక్కువ. రైతు ఎద్దును కొనునపుడు పండ్లు చూచును, గిట్టలు చూచును, నడక చూచును. అన్నిటికి ముందుగా తన పొలమును తలచుకొనును. బండి విషయమున మాత్రము ఈ వివేకమును మరచి, అమ్మకపు శాలలో నిలిపిన బండి నిగనిగను చూచి భ్రమించుచున్నాడు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. ప్లంబరు మోయునది యేమి? ఎచ్చటికి మోయును? నెలకు ఎన్ని నాళ్ళు మోయును?

మొదట బరువు సంగతి చూతము. అమ్మువారు "ఇది టన్నున్నర లాగును" అని గొప్పగా చెప్పుదురు. ప్లంబరునకు టన్నున్నరతో పనియేమి? నాలుగంగుళముల పి.వి.సి. గొట్టము ఇరువది అడుగులది సుమారు 10 కిలోలు తూగును. వేయి లీటర్ల ప్లాస్టిక్ నీళ్ళ తొట్టిని ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరు మనుష్యులు మెట్లపైకి ఎత్తుకొని పోగలరు. దాని పరిమాణము పెద్దదే గాని బరువు పెద్దది కాదు. ఎల్బోలు, టీలు, కప్లింగులు, కుళాయిలు, డై సెట్టు, పైపు వైసు, చెయిన్ రెంచి, నిచ్చెన, చిన్న మోటారు, ఇవి యన్నియు కలిపినను రెండు మూడు వందల కిలోలకు మించుట అరుదు. బరువైనది జి.ఐ. గొట్టము. రెండంగుళములది ఇరువది అడుగుల గొట్టమొక్కటి సుమారు 30 కిలోలుండును. ఇరువది గొట్టములు 600 కిలోలు. అదియైనను ముప్పావు టన్నుకు లోపలనే యున్నది. కావున మరమ్మతులును, ఒక మోస్తరు కొత్త యిండ్లును చేయు ప్లంబరునకు ముప్పావు టన్ను మోయు బండి చాలును. అంతకు మించిన ప్రతి కిలో శక్తికిని వెల చెల్లించువాడు తాను మోయని బరువునకు వడ్డీ కట్టుచున్నాడన్నమాట.

జపాను దేశమున చిన్న సరకు బండ్లకు చట్టము హద్దు విధించినది. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, యంత్రము 660 సి.సి., బరువు 350 కిలోలు దాటరాదు. అచ్చటి వరి రైతులును, పల్లెటూరి పనివారును దశాబ్దములుగా ఆ బండ్లతోనే పని గడుపుకొనుచున్నారు. మనదేశమున 1984లో వచ్చి, తరువాత ఆమ్నియను పేరుతో ప్రసిద్ధికెక్కి, 2019లో ఆగిపోయిన మారుతి వ్యాను ఈ జపాను బండ్ల సంతతిదే. 2005లో టాటావారు రెండు సిలిండర్ల 702 సి.సి. డీసెలు యంత్రముతో ఏస్ అను చిన్న బండిని తెచ్చిరి. హిందీవారు దానిని చిన్న యేనుగు అని ముద్దుగా పిలిచిరి. అంతకు ముందు మూడు చక్రముల బండికిని పెద్ద లారీకిని నడుమ అల్పమైన పెట్టుబడితో కొనదగినది దాదాపు లేదు. ఇప్పుడు ఆ నడుమనే బండ్లు కిక్కిరిసియున్నవి. చిక్కంతయు అక్కడనే.

ప్లంబరు సరకులో అసలు కష్టము బరువు కాదు, పొడవు. దీనిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది.

జి.ఐ. గొట్టము కొట్టులో ఇరువది అడుగుల పొడవున దొరకును. పి.వి.సి. గొట్టములు ఇరువది అడుగులవియు, పది అడుగులవియు కలవు. వేడినీటికి వాడు సి.పి.వి.సి. గొట్టము తరచుగా పది అడుగులది. ఇక బండ్ల సంగతి. ఏస్ గోల్డ్ రకము సరకు పెట్టె పొడవు 2,200 మిల్లీమీటర్లు, అనగా ఏడడుగుల రెండంగుళములకు కొంచెము పైన. బండి మొత్తము పొడవు 3.8 మీటర్లు. మారుతి సూపర్ క్యారీ కొలతలును ఇంచుమించుగా ఇవియే. మూడు చక్రముల ట్రాలీ ఆటోల పెట్టె ఆరడుగులు లేదా అంతకు లోపు. పెద్ద పికప్పులలో పది అడుగుల పెట్టె గలవి కలవు. ఇరువది అడుగుల గొట్టమును పూర్తిగా తన పెట్టెలో ఇముడ్చుకొను బండి వీనిలో ఒక్కటియు లేదు. ఇరువది అడుగుల గొట్టము కొరకని తొమ్మిది లక్షల అప్పు చేసి పెద్ద బండి కొనువాడు, కొన్న పిమ్మటగూడ గొట్టమును బయటకు చాచియే తీసికొనిపోవలెను.

అట్లు చాచుట ఇప్పుడు నేరము. ఇనుప కమ్మీల వంటి పొడవైన సరకును వెనుకకు ఒక మీటరు వరకు చాచి తీసికొనిపోవుటకు పూర్వము నియమములలో సందుండెడిది. చాచిన కమ్మీలు వెనుక వచ్చువారి ప్రాణములు తీయుచున్నవని 2014లో ఆ సందును మూసివేసిరి. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ననుసరించి సరకు పక్కలకు గాని, ముందునకు గాని, వెనుకకు గాని, ఎత్తున గాని హద్దు మీరియున్నచో 20,000 రూపాయల జుల్మానా. సరకు దింపించు ఖర్చు అదనము. డ్రైవరు గదిపై కమ్మీల చట్రము కట్టించి, దానిపై పది అడుగుల గొట్టములు పరచుకొని తిరుగువారిని ఏలూరు రోడ్డున దినదినము చూచుచున్నాము. అది సొగసుగా కనబడినను సరకు పెట్టెను మించి ముందునకు వచ్చిన సరకే యగును. పైగా తయారుచేసినవారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు చట్టములోని 52వ సెక్షను అడ్డు వచ్చును. ఆటోనగరులో ఏమి కట్టించుటకైనను ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

చట్టమును అటుంచినను, ఇందలి అపాయము బండి తోలిన రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎడ్లబండిపై వెదురు బొంగులు వెనుకకు ఎక్కువగా చాచి వేసినచో ఏమగును? కాడి ఎద్దుల మెడలపైనుండి లేచిపోవును. మోటారు బండికిని న్యాయమదియే. వెనుక ఇరుసును దాటి వేలాడు బరువు ముందు చక్రములను తేల్చును. తేలిన చక్రము త్రిప్పినను బండి తిరుగదు. ముందు రెండు చక్రములున్న బండి కొంత నిలద్రొక్కుకొనును. ట్రాలీ ఆటోకు ఉన్నది ఒక్కటే. వానకాలమున నల్లరేగడి జిగటగా ఉన్న కాలువ గట్టుపై, వెనుక బరువుతో పోవు మూడు చక్రముల బండిని ఊహించుకొనుడు. గవర్నర్‌పేట తారురోడ్లను మాత్రమే తిరుగు ప్లంబరునకు ట్రాలీ ఆటో చౌక, మలుపు తిరుగుట సులువు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు ఊళ్ళలోని పనులు కూడ ఒప్పుకొనువాడు నాలుగు చక్రములవైపే మొగ్గవలెనని మా యభిప్రాయము.

మరి గొట్టములు చేరుటెట్లు? దీనికి మేము చూచిన తెలివిగల పనివారు రెండు మార్గములు పట్టుచున్నారు. కొత్త యింటి పనికి గొట్టములు ఒకేసారి పెద్ద మొత్తమున కావలెను. వానిని కొట్టువారి చేతనే, తగిన పొడవు గల బండిపై, నేరుగా ఇంటియొద్దకు చేర్పించుకొనుచున్నారు. ఆ కిరాయిని ధర మాటలాడునపుడే ఇంటి యజమాని లెక్కలో వ్రాయుచున్నారు. మరమ్మతు పనికి కావలసినది తుంట గొట్టము. ఇరువది అడుగుల గొట్టమును కొట్టులోనే మూడు సమభాగములుగా కోయించినచో ఒక్కొక్కటి ఆరడుగుల ఎనిమిదంగుళములు వచ్చును. అది ఏడడుగుల పెట్టెలో తలుపు వేసికొని సుఖముగా పండుకొనును. పది అడుగులదానిని రెండుగా కోయించినచో ఐదడుగులు. జి.ఐ. గొట్టమైనచో అచ్చటనే మరలు పెట్టించి తెచ్చుకొనవచ్చును. అదనముగా పట్టునవి ఒకటి రెండు కప్లింగులు మాత్రమే. వాని వెలను 20,000 రూపాయల జుల్మానాతో పోల్చి చూచుకొనుడు.

ఈ విధముగా ఆలోచించినచో బండి యెందులకో స్పష్టమగును. బండి గొట్టముల కొరకు కాదు. పనిముట్లు, అతుకుల సామగ్రి, మోటారు, తొట్టి, వీనిని ప్రతిదినమును పని చోటికి చేర్చుకొనుట కొరకు. పెద్ద భవనముల పనులను గుత్తకు తీసికొని, నలుగురైదుగురు పనివారిని పెట్టుకొని, నెల పొడుగునను పది అడుగుల సరకు మోయువానికి పది అడుగుల పికప్పు న్యాయమైనదే. కాని అట్టివాడు తండ్రి పొలము కాగితములకొరకు ఫోను చేయు దశను దాటియుండును.

ఇక మూసిన వ్యానా, తెరచిన పెట్టెయా? ఈకో వంటి మూసిన వ్యానునకు తాళము పడును. ఇత్తడి కుళాయిలు, వాల్వులు రాత్రివేళ రోడ్డుపై నిలిపిన తెరచిన బండిలో ఉదయమువరకు ఉండునని నమ్మరాదు. వానలో సామాను తడియదు. ఈ గుణములు గొప్పవే. అయినను బెజవాడ ఎండలను మరువరాదు. పి.వి.సి. గొట్టములను అతుకుటకు వాడు సొల్యూషన్ మిక్కిలి త్వరగా మండు ద్రవము. దాని ఆవిరి కంటికి కనబడదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నమున మూసిన వ్యానులో ఆ డబ్బాలను ఉంచి భోజనమునకు పోయి వచ్చి, తలుపు తీసి, బీడీ వెలిగించువాని గతి యేమి? అట్టి వ్యానులలో సరకునకును తోలువానికిని నడుమ గట్టి తడిక లేకున్నచో ఆ వాసన అంతయు తోలువాని ముక్కునకే. తలనొప్పియు, కండ్లమంటయు ఊరక వచ్చునవి కావు. తెరచిన పెట్టెలో ఒక మూలకు తాళము వేయు ఇనుప పెట్టెను బిగించుకొని, సొల్యూషన్ డబ్బాలను గాలి ఆడు చోట నీడలో ఉంచుకొని, రాత్రికి కుళాయిలను ఇంటిలోనికి చేర్చుకొనువాడు రెండు విధముల లాభమును పొందును. తొట్టి యెత్తుటకును తెరచిన పెట్టెయే అనుకూలము. పి.వి.సి. గొట్టములు మాత్రము ఎండలో చిరకాలముండి మెత్తబడి వంగకుండ పైన పట్టా కప్పవలెను.

మనుష్యుల సంగతి మిక్కిలి ముఖ్యము. ఈ చిన్న బండ్లలో తోలువాడు గాక ఇంకొక్కడు మాత్రమే కూర్చుండుటకు చోటున్నది. సహాయకులను ఇద్దరిని వెనుక గొట్టములపై కూర్చుండబెట్టుకొని పోవుట బెజవాడలో సర్వసాధారణమైనది. బండి దొర్లినప్పుడు మొదట నలుగునది వారే. సరకు బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికుల నిమిత్తము బీమా కంపెనీ నష్టపరిహారము చెల్లింపనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. ఆ భారమంతయు బండి యజమానిపై పడును. యజమాని కుమారుడైనచో, ఆ భారము తిరిగి తిరిగి ఊరిలోని పొలముపైకి వచ్చును. జీతగాడైన పనివానికి బీమాలో వేరుగా రుసుము చెల్లించి చేర్పించుకొను వీలు కలదు. అయినను ఆ కాగితము పెట్టెలో గొట్టములపై కూర్చుండుటకు అనుమతి కాదు. సహాయకులు మోటారు సైకిలుపై వెనుక రావలెను.

కాగితముల విషయము కొంత తేలికైనది. మొత్తము బరువు, అనగా బండియు సరకును కలిపి, 3,000 కిలోలు మించని సరకు బండికి పర్మిటు అక్కరలేదు. చిన్న బండ్లన్నియు ఈ హద్దుకు లోపలనే యున్నవి. పెద్ద పికప్పులలో కొన్ని దాటును. లైసెన్సు విషయమున చిరకాలము తగవు నడచినది. 7,500 కిలోల లోపు బండిని తేలిక వాహనపు లైసెన్సుతోనే తోలవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తేల్చినది. పసుపు పలక బండి కావున మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్లకొకసారియు, పిమ్మట ఏటేటను ఫిట్‌నెస్ చూపించుకొనవలెను. ఈ తిప్పలు తప్పించుకొనుటకై తెల్ల పలకతో సొంత వాడుక బండిగా నమోదు చేయించి సరకు మోయువారున్నారు. ప్రమాదము జరిగిన దినమున బీమావారు మొదట అడుగునది ఆ సంగతియే.

గవర్నర్‌పేటలో బండిని నిలుపుట ఒక విద్య. బీసెంటు రోడ్డు పరిసరముల సందులలో ఒక చిన్న బండి నిలిచినచో రెండవది పోజాలదు. పాత మేడలలో నీళ్ళ గొట్టములు వెనుక సందులలో ఉండును. ఆ సందులలోనికి ట్రాలీ ఆటో సైతము పట్టదు. మొగల్రాజపురము, గుణదల, విద్యాధరపురముల కొండల మీది ఇండ్లకు మెట్లే దారి. ఎంత పెద్ద బండి కొన్నను కొండ అడుగున ఆగవలసినదే. అచ్చటినుండి మనుష్యుని భుజమే బండి. కావున పట్టణపు ప్లంబరునకు బండి వెడల్పు ఒక్క అడుగు తగ్గినను అది ఆదాయమే. కొనుటకు ముందు బండిని రాత్రి ఎచ్చట నిలుపుదువని కుమారుని అడుగుడు. జవాబునకు తడబడినచో బండి కొను దినము ఇంకను రాలేదని గ్రహింపుడు.

ఇప్పుడు అప్పు సంగతి. మేము ఈ వ్యాసమును వ్రాయబూనుటకు ముఖ్య కారణమిదియే. రైతు అప్పునకును బండి అప్పునకును నడక వేరు. రైతు పంట ఋణము తీసికొని, పంట ఒబ్బిడియైన పిమ్మట ఒక్కసారిగా చెల్లించును. నడుమ మాసములలో ఎవరును తలుపు తట్టరు. బండి అప్పు నెల నెలకు వచ్చును. ఆషాఢమున కొత్త గృహ ప్రవేశములు లేకున్నను వచ్చును. వానలకు కట్టుబడి పనులాగినను వచ్చును. తోలువానికి జ్వరము వచ్చినను వచ్చును. దృష్టాంతమునకు, నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీపై ఐదేండ్లకు 5 లక్షలు తీసికొన్నచో నెలకు సుమారు 10,620 రూపాయలు కట్టవలెను. ఐదేండ్లకు వడ్డీ 1,37,000 పైచిలుకు. అదే 9 లక్షలైనచో నెలకు 19,120 రూపాయలు, వడ్డీ 2,47,000 పైచిలుకు. ఈ రెండు వాయిదాలకు నడుమగల 8,500 రూపాయలను ప్లంబరు నెల నెలయు అదనముగా సంపాదింపవలెను. పెద్ద బండి వచ్చినంత మాత్రమున కారు కుళాయిల సంఖ్య పెరుగదు గదా!

కొనుటకు ముందు మూడు మాసములు అద్దె లెక్క వ్రాసికొనవలెను. మాట వరుసకు ట్రాలీ ఆటో అద్దె మారునకు 800 రూపాయలనుకొందము. నెలకు ఎనిమిది మారులు పిలిచినచో 6,400. ఇది వాయిదాలో మూడింట రెండు వంతులకు మించదు. పైగా అద్దె బండికి బీమా, ఫిట్‌నెస్, చక్రములు, నూనె మన జేబునుండి పోవు. అట్టివానికి సొంత బండి నష్టము. నెలకు ఇరువది మారులు పిలుచువానికి 16,000 అగుచున్నది. వానికి 10,620 వాయిదాయు, నూనె ఖర్చును, మరమ్మతుల నిమిత్తము పక్కన పెట్టునదియు పోను, లెక్క అటు ఇటుగా సరిపోవును. లాభమంతయు వేళకు పని చోటికి చేరుటలోను, పది మందిలో పేరు పడుటలోను ఉన్నది. ఈ నడుమ పదునాలుగు పదునైదు మారులు పిలుచువారే ఎక్కువ. వారికి మా సలహా, మరి యొక సంవత్సరము ఆగుమని. నాలుగు చక్రములు కనబడినచో పిల్లనిచ్చువారు త్వరగా వత్తురను మాటయు మా చెవిని బడినది. అది నిజమే కావచ్చును. ఆ పిల్లయే పెండ్లియైన మరుసటి నెలనుండి వాయిదాలు లెక్కపెట్టుకొనవలసి వచ్చును.

మా యెరుకలోని ఒక సభ్యుడు ఎకరమును తాకట్టు పెట్టి కుమారునికి పెద్ద పికప్పు కొనియిచ్చెను. కుమారుడు పనివాడే, వ్యసనపరుడు కాడు. బండి వారమునకు మూడు దినములు సందు చివర నిలిచియుండెడిది. వాయిదా తప్పకుండుటకై ఆతడు ప్లంబింగు పని మాని ఇతరుల ఇసుకయు, ఇటుకయు కిరాయికి తోలసాగెను. రెండేండ్లలో పాత వాడుకలో నున్న యిండ్లవారు వేరు ప్లంబరును చూచుకొనిరి. బండి నిలిచినది గాని వృత్తి పోయినది.

పాత బండి కొనువారికి ప్రత్యేకముగా ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మొదలగు ప్రాంతములు మునిగినవి. ఆ దినములలోనే ప్రకాశము బారేజి వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించెను. వేల బండ్లు నీట దినముల తరబడి నానినవి. వానిలో కొన్ని కడిగి, రంగు వేసి, అమ్మకమునకు వచ్చినవి. చూచుట యెట్లన: సీటు బెల్టును చివరివరకు లాగి చూడుడు, మడతలలో బురద చారలు దాగియుండును. సీటు క్రింది ఇనుప పట్టాలపై తుప్పు, దీపపు గాజులోపల తెల్లని పొర, ఫ్యూజుల పెట్టెలో సన్నని ఒండ్రు కనబడినచో వెల ఎంత తగ్గించినను వలదనుడు. మునిగిన బండి వెంటనే చెడదు. తీగెల అతుకులలో పట్టిన చిలుము ఏడాదికో రెండేండ్లకో బయటపడును. బీమా కంపెనీయొద్ద ఆ బండిపై పరిహారము తీసికొన్నది లేనిది విచారించుటయు అవసరము. వరి గింజను పంట కింద కొరికి చూచు రైతునకు ఇది కష్టమైన పరీక్ష కాదు.

నూనె విషయము పొడిగించనక్కరలేదు. దినమునకు ముప్పది నలుబది కిలోమీటర్లు తిరుగువానికి డీసెలుకును, గ్యాసుకును వచ్చు తేడా వాయిదాలోని తేడా ముందు అల్పము. విద్యుత్ బండి పట్టణపు చిన్న తిరుగుడునకు చక్కగా కుదురును. రాత్రి సొంత యింటి గోడయొద్ద తీగె తగిలించుకొను చోటున్నవానికే కుదురును. మూడవ అంతస్తు అద్దె గదిలో నుండి బండిని రోడ్డుపై నిలుపువానికి కుదరదు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి సరకు బండ్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినది. విద్యుత్ బండ్లపై 5 గనే యున్నది. పాత ధరల కాగితము చూపి బేరమాడు దళారులను నమ్మక, పన్ను తగ్గిన పిమ్మటి ధరను వ్రాతపూర్వకముగా తెప్పించుకొనుడు.

ఒక మాట మన సంఘమును గూర్చి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన పథకము వలన పల్లెలలో ఇంటింటి కుళాయిలు పెరిగినవి. కుళాయి పెట్టుట ఒక యెత్తు, కారకుండ కాపాడుట ఇంకొక యెత్తు. గ్రామీణ నీటి సరఫరా పథకముల నిర్వహణమును ప్రాథమిక సహకార సంఘములు చేపట్టుటకు కేంద్ర ప్రభుత్వము వీలు కల్పించినది. అనగా, పట్టణమునకు పోయిన కుమారునికి ఊరిలోను పని యున్నది. నలుగురు ప్లంబర్లు కలిసి ఒక్క ముప్పావు టన్ను బండిని పెట్టుకొని, వంతుల వారీగా వాడుకొని, వాడిన కిలోమీటర్లను పుస్తకమున వ్రాసికొని ఖర్చు పంచుకొన్నచో, ఒక్కొక్కరి వంతు వాయిదా 2,700 రూపాయలు దాటదు. నూర్పిడి యంత్రములను, మందు కొట్టు పంపులను ఉమ్మడిగా వాడుకొనుచున్న సభ్యులకు ఇది కొత్త పద్ధతి కాదు. బండి ఒకరి పేరననే నమోదగును గనుక నలుగురి నడుమను ఒడంబడిక వ్రాసికొనుట మరువరాదు. వంతులకంటె ముందుగా, ప్రమాదము జరిగినచో ఖర్చు ఎవరెంత భరింపవలెనో వ్రాసికొనవలెను.

బండి ఋణమునకు అర్జీ పెట్టదలచిన సభ్యులు పొలము కాగితములతోపాటు మూడు మాసముల అద్దె లెక్క పుస్తకమును, బండి ధర కాగితమును, రాత్రి బండి నిలుపు చోటు వివరమును కూడ తీసికొనిరావలెను. తోలబోవు కుమారుని వెంటబెట్టుకొని వచ్చుట మంచిది. పోవు ముందు ఒక టేపు కొలబద్దతో బండి పెట్టెను లోపలినుండి కొలిచి, పొడవు, వెడల్పులను ధర కాగితము వెనుక వ్రాసి తెండు. అమ్మువారి చిత్రపటములోని కొలతలు బయటివి కావచ్చును.